ఫిడేలుతో ఇంగ్లీషు మాటలు నేర్పడం: మీ ఇళ్ళలో ఎవరైనా చేసి చూశారా?

గోపాలపట్నం_అమ్మ
మా పాప ఏడో తరగతి. రెండేళ్ళుగా వయొలిన్ నేర్చుకుంటోంది. మాకు ఇబ్బందంతా ఇంగ్లీషు మాటల దగ్గరే. స్కూల్లో వారానికి ఇరవై మాటల జాబితా ఇస్తారు. ఆదివారం రాత్రి కూర్చుని బట్టీ పడుతుంది, సోమవారం పరీక్షలో పదిహేడు రాస్తుంది, గురువారం వచ్చేసరికి నాలుగు కూడా గుర్తుండవు. ప్రతి ఆదివారం ఇంట్లో టెన్షన్. దాని మొహం చూస్తే నాకే జాలేస్తుంది.

పోయిన నెల ఒక సంగతి గమనించాను. ఫిడేలు తీగ తెగితే కొత్తది వేయించడానికి షాపుకి తీసుకెళ్ళాం. అతను వాయిద్యాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "బ్రిడ్జి కొంచెం వంగింది, పెగ్ జారుతోంది, నెక్ మాత్రం బాగుంది" అన్నాడు. తీగలు ఆనే చిన్న చెక్క బ్రిడ్జి, తీగ బిగించే మేకు పెగ్. పాప ఒక్కోటీ చూపించి ఇదేంటి అదేంటి అని అడిగింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో "అమ్మా, ఫిడేలుకి మెడ ఉంది, పొట్ట ఉంది, వీపు ఉంది, పక్కటెముకలు కూడా ఉన్నాయి" అంటూ వేళ్ళ మీద లెక్కపెట్టింది. నెక్, బెల్లీ, బ్యాక్, రిబ్స్. ఎవరూ బట్టీ పట్టించలేదు. నెల దాటింది, ఒక్కటీ మరిచిపోలేదు.

దీన్నే ఒక పద్ధతిగా పెట్టుకోవచ్చా? ట్యూషన్ మాస్టారిని అడిగితే "అవి పరీక్షలో రావమ్మా, టైం వేస్టు" అన్నారు. ఈ దారిలో వెళ్తే ఎన్ని మాటలు దొరుకుతాయి? నిజంగా చేసినవాళ్ళు చెప్పండి.

జగదాంబ_సెంటర్
మా ఇంట్లో ఇలాంటివాళ్ళు ఇద్దరు ఉన్నారు. మీరు నన్ను అడగడం రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టే. ఎవరైనా చెబితే నేనూ రాసుకుంటాను.

వీణ_టీచర్_ఎంవీపీ
చేశాను, చేస్తున్నాను. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మంది ఇంగ్లీషు మీడియమే, అయినా మాట్లాడమంటే బెదురుతారు. నేను పేర్లతో మొదలుపెట్టను, పనులతో మొదలుపెడతాను.

మనకు ఒక్కో వాయిద్యానికీ ఒక్కో క్రియ ఉంది. వీణ మీటుతాం, పిల్లనగ్రోవి ఊదుతాం, శంఖం పూరిస్తాం, డప్పు కొడతాం, మృదంగం వాయిస్తాం, తాళం వేస్తాం. ఇంగ్లీషు వాళ్ళు వీటిలో చాలావాటికి ప్లే అనేస్తారు. ఇది తెలియక పిల్లలు "ఐయామ్ బీటింగ్ ది గిటార్" అంటారు. తెలుగులో గిటార్ కొడుతున్నాడు అంటాం కదా, దాన్నే తిప్పి చెప్పారు, తప్పేముంది పాపం. అందుకే ముందు ప్లే నేర్పిస్తాను. దాంతోపాటే ఇంకొకటి చెబుతాను. ఆటలకు ముందు 'ది' పెట్టరు, వాయిద్యాలకు మామూలుగా పెడతారు. ప్లే క్రికెట్, ప్లే ది వీణ. ఈ ఒక్క తేడా వ్యాకరణం పుస్తకంలో ఆరు నెలలు చదివినా పట్టుబడని పిల్లకి వీణ ముందు కూర్చున్న రోజే పట్టుబడింది.

ఆ తర్వాత చిన్న పనులు. ప్లక్ అంటే తీగ మీటడం. పువ్వు కోయడం కూడా ప్లక్కే. వేలు చేసే పని రెండు చోట్లా ఒకటే, చేసి చూపిస్తే పిల్లలే ఒప్పుకుంటారు. ప్లక్ అంటే గుండెధైర్యం అనే అర్థం కూడా ఉంది. స్ట్రమ్, ట్యాప్, ప్రెస్, స్లైడ్, రిలీజ్, టైటెన్, లూజెన్: ఇవన్నీ ఒక్క గంట క్లాసులో చేతితో చేసే పనులే. చేయి చేసినదాన్ని నోరు మరిచిపోదు, ఇది నా అనుభవం.

పోటీపరీక్షల_కుర్రాడు
ఎంవీపీ మేడమ్ చెప్పింది బాగుంది కానీ నేను ట్యూషన్ మాస్టారి వైపే. ద్వారకానగర్‌లో కోచింగ్‌కి వెళ్తున్నాను. మాకు ఎదురయ్యేవి అకార్డ్, డిస్కార్డ్, రిపర్కషన్, ఇన్‌స్ట్రుమెంటల్ లాంటివి. ఫిడేలు మెడ, ఫిడేలు పొట్ట తెలిస్తే ఎక్కడ పనికొస్తుంది?

వీణ_టీచర్_ఎంవీపీ
బాబూ, నువ్వు రాసిన నాలుగూ మరోసారి చదువు. ఇన్‌స్ట్రుమెంటల్‌లో ఉన్నది వాయిద్యమే. రిపర్కషన్‌లో పర్కషన్, అంటే కొట్టి మోగించడం, ఉంది.

పోటీపరీక్షల_కుర్రాడు
నిజమే! ఇప్పుడే చూశాను. వాటిని విడివిడిగా బట్టీ పట్టాను, ఇలా ఎప్పుడూ చూడలేదు.

బ్యాంకు_మావయ్య
ఇన్‌స్ట్రుమెంట్ దగ్గర నన్ను ఒక మాట చెప్పనివ్వండి. ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో పనిచేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా మేనేజరుగారు "ఆ ఇన్‌స్ట్రుమెంట్ ఇలా తీసుకురా" అంటే బల్లల మీద ఏదో యంత్రం కోసం వెతికాను. ఆయన అడిగింది చెక్కు. చెక్కు, హుండీ, ప్రామిసరీ నోటు లాంటివన్నీ నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్లే. 1881 నాటి చట్టానికి పేరే అది. డాక్టరు చేతిలో కత్తెర ఇన్‌స్ట్రుమెంటే, వీణా ఇన్‌స్ట్రుమెంటే. ఒక పని జరగడానికి సాధనం ఏదైతే అది. అలా చూస్తే ఇన్‌స్ట్రుమెంటల్ అంటే ఒక పని జరగడానికి కారణమైనవాడు అని దానంతటదే తెలుస్తుంది.

మన "ఆడలేక మద్దెల ఓడు" సామెతకు ఇంగ్లీషులో దగ్గరగా ఉండేది చేతకాని పనివాడు పనిముట్లను తిడతాడు అనే మాట. వాళ్ళు పనిముట్టు అన్నచోట మనం మద్దెల పెట్టాం. ఇలాంటివి పిల్లలతో జత కలిపిస్తే మాటకు మాట కాకుండా భావానికి భావం అందుతుంది. సొంత డబ్బా కొట్టుకోవడానికి వాళ్ళది సొంత ట్రంపెట్ ఊదుకోవడం. ఒకే సంగతి పదిసార్లు చెప్పడానికి మనకు "పాడిందే పాటరా పాచిపళ్ళ దాసరీ" ఉంటే వాళ్ళకు హార్పింగ్ ఉంది. హార్ప్ అంటే నిలువుగా తీగలు కట్టిన వాయిద్యం.

పూర్ణామార్కెట్_శ్రీను
డ్రమ్‌స్టిక్ ఎవరూ చెప్పలేదేం? డ్రమ్ము కొట్టే పుల్ల డ్రమ్‌స్టిక్, మా కొట్లో ములక్కాడ డ్రమ్‌స్టిక్, హోటల్లో కోడికాలు డ్రమ్‌స్టిక్. మా చెల్లి కొడుకు ఈ మూడూ ఒకే బొమ్మలో గీశాడు.

బోసన్_రిటైర్డ్
ఆ బొమ్మ దాచిపెట్టు శ్రీనూ.

నేను నేవీలో ఇరవై రెండేళ్ళు చేశాను. టెన్త్ వరకు తెలుగు మీడియం, మాది శ్రీకాకుళం వైపు పల్లె. నా ఇంగ్లీషు పుస్తకంలో నుంచి రాలేదు, ఓడలో చెవికి వినబడి వచ్చింది. దానికి ఒక వాయిద్యమే కారణం కాబట్టి వివరంగా రాస్తాను.

ఓడ మీద బోసన్ పైప్ అని చిన్న లోహపు విజిల్ ఉంటుంది. బోసన్ అంటే డెక్కు మీది పనులు చేయించేవాడు. వేళ్ళు ముడిచి, విప్పి దాని స్థాయి మారుస్తారు. ఒక్కో ఈలకు ఒక్కో అర్థం. రాత్రి వేసే చివరి ఈల పైప్ డౌన్. ఇక మాటలు ఆపి పడుకోండని. బయటి మనుషులు ఇప్పటికీ గోల చేసేవాళ్ళను ఊరుకోండి అనడానికి పైప్ డౌన్ అంటారంటే అది మా ఓడల నుంచి వెళ్ళిన మాటే. నేను మొదట విన్నప్పుడు ఏదో గొట్టం కింద పడిందనుకున్నాను. అర్థం తెలిసిన రాత్రి మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. బోసన్ అనే మాటను రాసేటప్పుడు బోట్‌స్వెయిన్ అని పొడుగ్గా రాస్తారు, పలికేటప్పుడు బోసన్. స్పెల్లింగు చూసి పలకొద్దని నాకు మొదట తెలిసింది అక్కడే.

ఇక బ్యూగిల్. ఆ మాట లాటిన్‌లో కోడెదూడ అనే అర్థం నుంచి వచ్చింది. మొదట్లో పశువు కొమ్ముతో చేసిన బూర అది. హార్న్ కూడా అంతే, ముందు కొమ్ము, తర్వాత బూర, ఇప్పుడు ఆటో మోత. తెలుగులో కొమ్ముబూర అంటాం కదా, రెండు భాషలూ ఒకే దారిలో నడిచాయి.

నేవీ డే రోజుల్లో ఆర్కే బీచ్‌కి పిల్లల్ని తీసుకెళ్తే బ్యాండు దగ్గర నిలబెట్టండి. బీటింగ్ రిట్రీట్ అని చెబుతారు. బీటింగ్ అంటే తన్నడం, రిట్రీట్ అంటే పారిపోవడం అనుకుని మా మనవడు భయపడ్డాడు. పూర్వం యుద్ధంలో పొద్దు వాలగానే సైనికులను గుడారాలకు వెనక్కి పిలవడానికి డ్రమ్ములు కొట్టేవారు, దాని గుర్తుగా చేసేదే ఇది అని చెప్పాను. రిట్రీట్ అనే మాట వాడికిప్పుడు నా కంటే బాగా వచ్చు.

గోపాలపట్నం అమ్మాయికి ఒకటి చెప్పండమ్మా. బ్రిడ్జి ఫిడేలుకే కాదు, ఓడకూ ఉంటుంది. కెప్టెన్ నిలబడి ఓడ నడిపించే చోటు. ముక్కు మీద కళ్ళజోడు ఆనే చోటూ బ్రిడ్జే. పళ్ళ డాక్టరు కట్టేదీ బ్రిడ్జే.

గోపాలపట్నం_అమ్మ
బోసన్ గారూ, పాపకి చదివి వినిపించాను. సాయంత్రం నుంచి తమ్ముణ్ణి పైప్ డౌన్ అంటూనే ఉంది!

నర్సింగ్_మూడో_ఏడు
పర్కషన్ మాకు రోజూ పనే. రోగి ఛాతీ మీద ఒక వేలు ఆనించి, రెండో చేతి వేలితో తట్టి చప్పుడు వింటారు. గాలి ఉంటే ఒక మోత, నీరు చేరితే ఇంకో మోత. ఇది కనిపెట్టి 1761లో పుస్తకం రాసిన డాక్టరు ఆవెన్‌బ్రుగ్గర్ సత్రం నడిపేవారి అబ్బాయి. పీపాల్లో సరుకు ఎంతుందో తట్టి చూడటం ఆయనకు చిన్నప్పుడే తెలుసు. మా లెక్చరర్ ఈ కథ చెప్పాక ఆ మాటని ఎవరూ మరిచిపోలేదు. చెవిలో పొరని ఇంగ్లీషులో ఇయర్‌డ్రమ్ అంటే మనవాళ్ళు కర్ణభేరి అన్నారు. భేరి అన్నా డ్రమ్మే. అనాటమీ పుస్తకంలో నాకు బాగా నచ్చిన మాట అది.

మర్రిపాలెం_గిటారు
వీణ, గిటారు మెట్లను ఫ్రెట్స్ అంటారు. డోంట్ ఫ్రెట్ అంటే దిగులు పడకు. మెట్టు మీద వేలు సరిగ్గా పడక దిగులు పడతాం కాబట్టి ఆ అర్థం వచ్చింది. నేను మా స్టూడెంట్లకు ఇలాగే చెబుతాను, వెంటనే గుర్తుంటుంది.

సీతమ్మధార_ప్రూఫ్‌రీడర్
మర్రిపాలెం గారూ, గుర్తుండటానికి చెప్పుకోండి, కానీ నిజమని మాత్రం చెప్పకండి. దిగులు పడే ఫ్రెట్ వేరు. పాత ఇంగ్లీషులో దానికి తినేయడం, కొరికేయడం అని అర్థం. దిగులు మనిషిని తినేస్తోంది అని మనమూ అంటాం కదా, అచ్చంగా అదే. వాయిద్యం ఫ్రెట్‌తో దానికి చుట్టరికం లేదు. అసలు కథే ఇంత బాగున్నప్పుడు కట్టుకథ ఎందుకు?

ఈ పద్ధతిలో ఇంకో గొయ్యి ఉంది. చెవితో నేర్చుకున్న పిల్లలు స్పెల్లింగు దగ్గర పడిపోతారు. సింబల్ అంటే తాళాలు, సింబల్ అంటే గుర్తు కూడా. పలుకు ఒకటే, మొదటిది సి తో, రెండోది ఎస్ తో మొదలవుతుంది. కార్డ్ అంటే స్వరాల గుత్తి, మధ్యలో హెచ్ ఉంటుంది. గొంతులో ఉండే వోకల్ కార్డ్స్‌కి హెచ్ ఉండదు, ఎందుకంటే అది తాడు. అచ్చులో ఈ తప్పు ఎన్నిసార్లు దిద్దానో. ఇక ఫిడేలు కమానుని బో అనాలి. అవే మూడు అక్షరాలను తల వంచడం అనే అర్థంలో బౌ అనాలి. ఇవి నోటితో చెప్పి వదిలేస్తే చాలదు, రాయించాలి.

మర్రిపాలెం_గిటారు
సరే ఒప్పుకున్నాను. తినేసే దిగులు అనే చెబుతాను ఇకనుంచి, అదే బాగుంది.

హార్మోనియం_తాతయ్య
పద్యనాటకాలకు నలభై ఏళ్ళు హార్మోనియం వాయించాను. నా పెట్టెలోనే చిన్న డిక్షనరీ ఉంది. వెనక తోసేది బెలోస్, అంటే తిత్తి. కమ్మరి కొలిమిలో ఉన్నదీ అదే. లోపల పలికేవి రీడ్స్. రీడ్ అంటే రెల్లు. నాదస్వరం నోటి దగ్గర పెట్టుకునేదీ రీడే. వేళ్ళ కింద కీస్, అంటే తాళంచెవులు కూడా. ముందు లాగే గుండీలు స్టాప్స్. అసలు చిత్రం ఇక్కడే ఉంది. స్టాప్ అంటే ఆపడం అని పిల్లలకు తెలుసు. మరి స్టాప్ లాగితే శబ్దం పెరుగుతుందేం తాతా అని అడుగుతారు. గాలిని ఆపుతున్న అడ్డు అది, లాగేస్తే దారి తెరుచుకుంటుంది. పెద్ద ఆర్గాన్‌లో అన్ని స్టాప్స్ లాగేయడం అంటే ఉన్న శక్తంతా పెట్టి పనిచేయడం అని ఇంగ్లీషువాళ్ళ నానుడి. ఈ పెట్టెకు 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబాఁ పేటెంటు తీసుకున్నాడు. 1940 నుంచి 1971 వరకు ఆకాశవాణిలో దీన్ని వాయించనివ్వలేదు. మా గురువుగారు బ్యాన్ అనే ఇంగ్లీషు మాట అప్పుడే విన్నారట, ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది.

ఫిడేలు_పిచ్చి
బ్యాంకు మావయ్యగారి జాబితా చూడగానే సెకండ్ ఫిడిల్ గుర్తొచ్చింది. ఎవరో ఒకరు అది కూడా నేర్పిస్తారు కాబట్టి ముందే చెబుతున్నాను. ప్లే సెకండ్ ఫిడిల్ అంటే ఒకరి కింద తక్కువ స్థానంలో ఉండటం. మన కచేరీలో ఫిడేలు ప్రక్కవాద్యం కదా అని దానికి ఈ మాట అంటించొద్దు. గాయకుడు పాడిన సంగతిని పట్టుకుని వెంటనే తీగ మీద పలికించడం తక్కువ పని కాదు. పైగా మన విజయనగరంలో 1919లో మొదలైన సంగీత కళాశాలలో ఫిడేలు నేర్పి, తర్వాత అక్కడే ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ఫిడేలుని ఒంటరిగా కచేరీ చేయగల వాయిద్యంగా నిలబెట్టారు. మన దగ్గర పుట్టిన పిల్లకు సోలో, అకంపనిమెంట్ అనే రెండు మాటలు ఆయన పేరుతో చెప్పండి. సెకండ్ ఫిడిల్ తర్వాత ఎప్పుడైనా నేర్చుకోవచ్చు.

బ్యాంకు_మావయ్య
మాట ఉంది కాబట్టి తెలియాలి కదండీ. పరీక్షలో వస్తే?

ఫిడేలు_పిచ్చి
తెలియాలి. తెలియజెప్పేటప్పుడు మన కచేరీ బొమ్మ పక్కన పెట్టి చెప్పొద్దు అంటున్నాను, అంతే.

వీణ_టీచర్_ఎంవీపీ
ఈ విషయంలో నేను ఫిడేలు పిచ్చిగారి వైపు. పిల్లలు బొమ్మతో సహా గుర్తుపెట్టుకుంటారు. తప్పు బొమ్మ పడితే తీయడం కష్టం.

అరకు_మాస్టారు
అందరూ రాసింది చదివాను. నా మనసులో మాట చెబుతాను. ఫిడేలు, వీణ, గిటారు ఉన్న ఇళ్ళు వేరు. నేను ఏజెన్సీలో సర్కారు బడిలో పనిచేస్తున్నాను. మా పిల్లల్లో చాలామంది ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడతారు. వాళ్ళకు తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. పాఠంలో పియానో బొమ్మ ఉంది. ఎవరూ చూడలేదు. నేనూ దగ్గరగా చూడలేదు. పియానో అంటే మెల్లగా, ఫోర్టే అంటే గట్టిగా, రెండూ కలిపి పియానోఫోర్టే అని చెప్పాను, తలలూపారు, మర్నాటికి పోయింది.

అప్పుడు ఒక అబ్బాయిని ఇంటి నుంచి డప్పు తెమ్మన్నాను. థింసా ఆడేటప్పుడు వాయించేవి వాళ్ళ ఇళ్ళలో ఉంటాయి: డప్పు, తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ములు. డప్పు చలికి వదులైంది. వాయించే ముందు మంట దగ్గర కాచాలి. ఆ పని చేస్తూ చెప్పాను: స్కిన్, రిమ్, ఫ్రేమ్, లూజ్, వార్మ్, టైట్, డల్, షార్ప్. "ది స్కిన్ ఈజ్ లూజ్. వార్మ్ ఇట్." ఎనిమిదేళ్ళ పిల్ల నా నోటి నుంచి వినగానే తిరిగి చెప్పింది. కాచాక కొట్టి "నౌ టైట్" అంది. ఆ రెండు మాటలు అలా కలిపి నేను చెప్పలేదు. నాకు ఆ రోజు ఇంటికెళ్ళేదాకా ఒళ్ళు పులకరిస్తూనే ఉంది.

కాబట్టి ఏ వాయిద్యం అన్నది పెద్ద విషయం కాదు, ఆ ఇంట్లో చేతికి అందేది అయితే చాలు. టాంటాం అనే మాట ఇంగ్లీషు నిఘంటువులో ఉంది, మన దేశం నుంచే వెళ్ళింది. మన చప్పుడు వాళ్ళ మాట అయిందని చెప్పినప్పుడు పిల్లలు నిటారుగా కూర్చున్నారు.

జగదాంబ_సెంటర్
మాస్టారూ, ఇది చదివి మా ఆవిడకి కూడా వినిపించాను. మా ఇంట్లో ఫిడేలు లేదు, పిల్లనగ్రోవి లేదు అని వెనకాడుతున్నాం. గంట, తాళాలు దేవుడి గదిలోనే ఉన్నాయి కదా అంది తను.

నర్సింగ్_మూడో_ఏడు
తంబురా ఉన్నవాళ్ళకి ఇంకొకటి. అది ఆగకుండా చేసే నాదాన్ని డ్రోన్ అంటారు. మగ తేనెటీగ కూడా డ్రోనే. ఇప్పుడు పెళ్ళిళ్ళలో ఎగిరేదీ డ్రోనే. మూడూ వింటే జుమ్మనే చప్పుడే.

పోటీపరీక్షల_కుర్రాడు
నేను మొదట అన్నదాన్ని కొంత వెనక్కి తీసుకుంటున్నాను. నా నోట్సులో వాయిద్యాలతో చుట్టరికం ఉన్న మాటలు వేరే పేజీలో రాశాను. పిచ్, స్కేల్, నోట్, కీ, టోన్, టెంపో, హార్మనీ, డిస్కార్డ్, రిజొనేట్, క్రెసెండో... నలభై మూడు వచ్చాయి. కానీ మొత్తం జాబితాలో అది చిన్న భాగమే, ఆ మాట కూడా చెప్పాలి. మిగతావాటికి చదవడం తప్ప దారి లేదు.

సీతమ్మధార_ప్రూఫ్‌రీడర్
క్రెసెండో అంటే పెరుగుతూ పోవడం. తారస్థాయికి చేరడం అని రాసుకుంటే దిద్దుకో. వాడుకలో రెండోది కూడా వచ్చేసింది కానీ సంగీతంలో మొదటిదే.

పోటీపరీక్షల_కుర్రాడు
రెండోదే రాసుకున్నాను. దిద్దాను.

గోపాలపట్నం_అమ్మ
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఎంవీపీ టీచరుగారు చెప్పినట్టు పనులతో మొదలుపెట్టాం. సాధన ముందు ఐదు నిమిషాలు, అంతే. పాప కమాను బిగిస్తూ టైటెన్ అంటుంది, కమానుకి పట్టించే రోజిన్ అనే బంక రాస్తూ రబ్ అంటుంది. వారం మాటల్లో ఫిడేలుకి అతుక్కునేవి ఎన్ని అని వెతికాం. మొదటి వారం ఇరవైలో మూడు, తర్వాత ఆరు, ఈ వారం నాలుగు. అతుక్కున్నవన్నీ ఇప్పటికీ ఉన్నాయి. డెలికేట్ అనే మాటకు బ్రిడ్జిని చూపించింది. సపోర్ట్ అనే మాటకు గడ్డం ఆనించే చిన్ రెస్ట్‌ని చూపించింది. మిగతావి పాత పద్ధతే, కుర్రాడు చెప్పింది నిజం. ప్రూఫ్‌రీడర్ గారి మాట మీద ప్రతిదీ రాయిస్తున్నాను కూడా.

ఇంకో సంగతి చెప్పాలి. మా ఆయన షిప్‌యార్డులో వెల్డర్. పదో తరగతి ఆపేశారు. పాప ఇంగ్లీషు చదువుతుంటే ఆ గదిలోకే రారు, తనకేం తెలుసని. బ్యాంకు మావయ్యగారు ఇన్‌స్ట్రుమెంట్ గురించి రాసింది చదివి పాప తన నాన్న పనిముట్ల సంచి తెచ్చి చాప మీద బోర్లించింది. ఇదేంటి నాన్నా, అదేంటి నాన్నా అని మొదలుపెట్టింది. చిప్పింగ్ హామర్, వైర్ బ్రష్, హోల్డర్, ఎలక్ట్రోడ్, క్లాంప్, గేజ్, బెవెల్, గ్యాప్, స్లాగ్... రాత్రి పదిన్నర దాకా కూర్చున్నారు ఇద్దరూ. నలభై దాటాయి. ఆయన చెప్పడం, అది రాయడం. స్పెల్లింగు ఇద్దరికీ రానిచోట నన్ను డిక్షనరీ చూడమన్నారు.

బోసన్_రిటైర్డ్
అమ్మా, ఆ కాగితం ఫొటో పెట్టండి. స్లాగ్, గేజ్ నాకు తెలుసు. బెవెల్ అంటే ఆయన ఏమని చెప్పారు?

గోపాలపట్నం_అమ్మ
రెండు పలకలు అతికే ముందు అంచుని ఏటవాలుగా చెక్కడం అన్నారు. పాప వెంటనే ఫిడేలు బ్రిడ్జి పైఅంచు తడిమి చూసి, ఇదీ బెవెలేనా అని అడిగింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఇంకా దాన్నే చూస్తున్నారు.